పూచీ లేని సరకు

ఐరోపా సమాఖ్యకు చెందిన 27 దేశములలో చార్జర్లు, విద్యుద్దీపములు, రేడియోలు మున్నగువాని నమ్మదలచిన వారికి ‘సి.ఇ.’ యను రెండక్షరముల ముద్ర యావశ్యకము. సరకు దుకాణములో నమ్మినను, అంతర్జాలపు సంతలో నమ్మినను నిబంధన యొక్కటియే. అచ్చటి ప్రభుత్వము వస్తువును పరీక్షించి యొసగు యోగ్యతాపత్రమే యీ ముద్ర యని మన వర్తకులలో కొందరు తలంచుట కలదు. వాస్తవ మది గాదు.

సామాన్య గృహోపకరణముల విషయమున నీ ముద్రను వేసికొనువాడు తయారుచేసినవాడే. 50 మొదలు 1000 వోల్టుల వఱకు ఏ.సీ. కరెంటుతో నడచు వస్తువులకు 2014 నాటి అల్పవోల్టు శాసనమును, వైఫై, బ్లూటూత్ గలవానికి అదే యేటి రేడియో పరికరముల శాసనమును వర్తించును. వానికి లోబడితినని వాడే సంతకము చేసి, 5 మిల్లీమీటర్లకు తక్కువగాని యెత్తున ముద్ర వేసి, సంబంధించిన పత్రములను 10 ఏండ్లు భద్రపఱుపవలెను. అనగా నిది యొక ప్రమాణము. ప్రమాణము చేసినవాడు కంటికి గానరాకున్న దాని విలువ యేమి?

చౌక చార్జరు నొకదానిని విప్పి చూచిన నీ సంగతి తేటపడును. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటునకును, ఫోనునకు బోవు 5 వోల్టుల కరెంటునకును నడుమ కొద్ది మిల్లీమీటర్ల యెడము ఉండవలెను. మనుజుని ప్రాణమును కాపాడునది యా యెడమే. కాసు మిగుల్చుకొనుటకై దానిని కుదించినచో గోడలోని కరెంటు చేతికి రాగలదు. పైకి మాత్రము మంచిదానిపైనను, చెడ్డదానిపైనను అవే రెండక్షరములు!

150 యూరోలకు లోపు విలువగల పొట్లములు 2024లో సుమారు 460 కోట్లు ఐరోపాకు వచ్చినవని అచ్చటి కమిషను లెక్క. అందు పదింట తొమ్మిది చైనావి. ఇన్నింటిని విప్పి చూచుట యే సుంకపు టధికారికిని సాధ్యము గాదు. కావుననే 2021 జూలై 16 మొదలు, సమాఖ్యలోపల నివసించు పూచీదారు డొకడు లేనిదే యిట్టి సరకు నమ్మరాదని విధించిరి. వాని పేరు, చిరునామా వస్తువుపైననో, పెట్టెపైననో ఉండవలెను. 2024 డిసెంబరు 13న అమలునకు వచ్చిన సాధారణ వస్తు భద్రతా శాసనము సంత నడపువారిని గూడ కొంత కట్టివేసినది. అపాయకరమైన వస్తువును తొలగింపుడని యధికారు లుత్తరువిచ్చినచో రెండు పనిదినములలో తొలగింపవలెను.

ఇది చాలునా? చాలదని మా యభిప్రాయము. రుసుము పుచ్చుకొని పూచీదారుగా పేరిచ్చు కంపెనీలు ఇదివఱకే బయలుదేరినవి. ప్రతి యమ్మకముపై వాటా తీసికొను సంతవాడు, తాను అమ్మకందారుడను గానని తప్పుకొనుట న్యాయముగ తోచదు.

అయినను ఈ కట్టుబాటు మన సరకును అడ్డుకొనుటకే యనుట సరిగాదు. 2012 నాటి ఉత్తరువుచే మనమును ఎలక్ట్రానిక్ వస్తువులకు నిర్బంధ నమోదు విధించితిమి. విదేశపు ఉత్పత్తిదారుడు బి.ఐ.యస్. గుర్తించిన ప్రయోగశాలలో పరీక్ష జరిపించి, భారతదేశమున ప్రతినిధిని నియమింపవలసియే యున్నది. పొరుగువానిని కోరినదానిని వాడు మనలను కోరిన నేరమా? చిక్కెల్ల చిన్నవారిదే. ఇచ్చటి నమోదు ‘సి.ఇ.’ ముద్రకు మాఱుగ చెల్లదు. పెద్ద కంపెనీ ఐరోపాలో కచేరి పెట్టుకొనగలదు గాని, హైదరాబాదులోను తిరుపతిలోను పదిమంది పనివాండ్రతో నడచు కార్ఖానా యా పని చేయజాలదు.

ఒక్క ప్రతినిధియే పలువురికి పూచీ వహించుటకు ఆ చట్టమున నభ్యంతరము లేదు. ఒక్కొక్కరు వ్రాతమూలముగ నధికార మొసగిన చాలును. చిన్న ఉత్పత్తిదారులు సంఘముగ నేర్పడి అట్టివానిని ఉమ్మడిగ నియమించుకొనవలెను. మొదటి రెండు మూడేండ్ల ఖర్చును, ఐరోపా ప్రమాణముల ననుసరించి జరుపు పరీక్షల రుసుములో సగమును రాష్ట్ర ప్రభుత్వములు భరింపవలెనని మేము కోరుచున్నాము.