పాల లెక్క, సీ లెక్క

సీ ల్యాంగ్వేజ్ చదివిన వాళ్లందరికీ వైవాలో తగిలే ప్రశ్న ఇది: గ్లోబల్ వేరియబుల్‌కీ, స్టాటిక్ వేరియబుల్‌కీ తేడా ఏంటి? బట్టీ పట్టిన జవాబు చెప్పేసి బయటపడతాం. ఉద్యోగంలో రోజూ సీ కోడ్‌తోనే నా పని కాబట్టి, జూనియర్లకు నేను దీన్ని పాల లెక్కతో చెబుతుంటాను.

వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తారు చూడండి, అది గ్లోబల్. అమ్మ రాయొచ్చు, నాన్న దిద్దొచ్చు, చిన్నాడు పెన్సిల్‌తో గీకొచ్చు. నెలాఖరున లెక్క తప్పితే ఎవరు మార్చారో తేలదు. పాలబ్బాయి జేబులో ఇంకో చిన్న పుస్తకం ఉంటుంది. రోజూ వచ్చి వెళ్లిపోతున్నా నిన్నటి లెక్క అందులో భద్రంగా ఉంటుంది, ఇంకొకరి చెయ్యి పడదు. ఫంక్షన్ లోపలి స్టాటిక్ అలాంటిది. సున్నాతో మొదలై పిలిచినప్పుడల్లా ఒకటి పెరిగే వేరియబుల్‌ని స్టాటిక్ చేసి, ఫంక్షన్‌ని మూడుసార్లు పిలిస్తే 1, 2, 3 వస్తాయి. మామూలు లోకల్ అయితే మూడుసార్లూ 1 మాత్రమే.

గ్లోబల్ అయినా స్టాటిక్ అయినా ప్రోగ్రామ్ నడిచినంతసేపూ మెమరీలో ఉంటాయి. ఎవరి కంటపడతాయన్న దగ్గరే తేడా. ఫంక్షన్ల బయట స్టాటిక్ అని రాస్తే మళ్లీ అర్థం వేరు: ఆ పేరు ఆ ఫైలు గడప దాటదు. ఒకే మాటకు ఇలా రెండు పనులు అప్పజెప్పడం నాకైతే ఇప్పటికీ నచ్చదు.

ఇది మార్కులతో అయిపోయే సంగతి కాదు. 2007లో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక టయోటా క్యామ్రీ అదుపు తప్పింది. ఒకరు చనిపోయారు, కారు నడుపుతున్నావిడ తీవ్రంగా గాయపడ్డారు. 2013లో కేసు విచారణకొచ్చింది. బాధితుల తరఫున సాక్ష్యమిచ్చిన కార్నెగీ మెలన్ ప్రొఫెసర్ ఫిలిప్ కూప్మన్ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ఇంజిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో 10,000కు పైగా గ్లోబల్ వేరియబుల్స్ ఉండటం! జ్యూరీ 30 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మంది. ఆ వేరియబుల్సే ప్రమాదానికి కారణమని మాత్రం తేల్చలేదు. అంతకుముందు 2011లో నాసా నివేదిక కూడా ఎలక్ట్రానిక్ లోపానికి రుజువు దొరకలేదనే చెప్పింది.

మరి అన్ని గ్లోబల్స్ ఉంటే ఏమవుతుంది? కారు కంప్యూటర్‌లో చాలా పనులు కలగలిసి నడుస్తుంటాయి. ఒక పని విలువను చదివి, లెక్క కట్టి తిరిగి రాసేలోపు ఇంకోటి దాన్ని మార్చేయొచ్చు. టెస్టింగ్‌లో లక్షసార్లు బాగానే ఉండి, ఒక్కసారి తేడా కొడుతుంది. వెతకబోతే, ఆ పేరు ఎక్కడెక్కడ వాడారో అన్ని ఫైళ్లూ తిరగేయాలి.

అందుకే ఎవరి కోడ్‌లో కొత్త గ్లోబల్ కనిపించినా, "దీని విలువ మార్చేదెవరు?" అని అడుగుతాను. ఈ ఒక్క ఫైలే అంటే ముందు స్టాటిక్ చేర్చమంటాను. రేపు వేరే ఫైలు నుంచి ఎవరైనా ఆ పేరుతో వాడబోతే, లింకర్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.