చేప మేతలో పొడి.. దండగా? పండగా?

హొసకోటె: చేపపిల్లల్ని వదిలి నెల తిరక్కముందే మందుల ఏజెంటు బండి వచ్చి ఆగుతుంది. ఈ పొడి మేతలో కలిపితే చేప గబగబా పెరుగుతుందంటాడు. కొనాలా, వద్దా? ఆ చేప ఎలాంటి నీళ్లలో పెరుగుతోందన్న దాన్నిబట్టి జవాబు ఉంటుంది.

కెరె వేరు.. హొండ వేరు

పెద్ద కెరెలో బొచ్చె, శీలవతి, ఎర్రమోసు, కన్నడంలో సామాన్య గెండె అనే బంగారుతీగ నీటిలో పుట్టే నాచునూ, సన్నటి పురుగుల్నీ తిని పెరుగుతాయి. విటమిన్లు, ఖనిజాలు చాలావరకు వాటిలోనే దొరుకుతాయి. అక్కడ పొడి చల్లితే డబ్బు నీటిపాలే. 2014లో మొదలైన కృషి భాగ్య పథకంతో తవ్వుకున్న కృషి హొండల సంగతి వేరు. అడుగున ప్లాస్టిక్ షీటు పరిస్తే మట్టి సారం నీటికి అందదు. సహజ మేత తగ్గిపోతుంది. వట్టి తవుడు, వేరుశనగ చెక్కతోనే సరిపెడితే చేపకు లోటు తప్పదు.

ఏది ఎందుకు?

విటమిన్ సి: బొచ్చె, శీలవతి లాంటివి దీన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. కొరవడితే వెన్ను వంకరపోతుంది, గాయాలు త్వరగా మానవు. వేడికి చెడిపోతుంది కాబట్టి ఉడికించిన మేత చల్లారాకే కలపాలి.

ఫైటేజ్: తవుడు, చెక్కలోని భాస్వరం చాలావరకు చేపకు అరగని రూపంలో ఉంటుంది. ఈ ఎంజైము దాన్ని విడగొట్టి ఒంటికి పట్టేలా చేస్తుంది.

ప్రోబయోటిక్: మేలు చేసే సూక్ష్మజీవులు. బతికి ఉంటేనే పని చేస్తాయి. ఎండలో ఉంచిన డబ్బా, గడువు దాటిన ప్యాకెట్టు వద్దు.

యాంటీబయోటిక్ జోలికెళ్లొద్దు

ఎదుగుదల కోసం పశువుల మేతలో యాంటీబయోటిక్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో కోళ్లు, పశువులు, చేపల పెంపకానికి కొలిస్టిన్ అమ్మకుండా ఆపేసింది. మందుకు క్రిములు అలవాటు పడితే రేపు మనుషులకు జబ్బు చేసినా అది పని చేయదు.

ముందు ఇవి చూసుకోండి

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఆక్సిజన్ కొరత. ఆ పూట మేత ఆపి కొత్త నీరు పెట్టాలి. పెరిగే చేపలకు రోజు మేత వాటి మొత్తం బరువులో 2-3 శాతం చాలు. అంటే వెయ్యి కిలోల చేపకు 20-30 కిలోలు. మిగిలిన మేత కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాకే పొడి మాట. డబ్బాపై ఏముంది, ఎంతుంది, గడువు ఎప్పుడు అన్నది చదవాలి. లేబుల్ లేనిది ఎంత చౌకైనా కొనొద్దు. అనుమానముంటే బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సిఫా) ప్రాంతీయ కేంద్రంలో అడగొచ్చు. రెండు హొండలున్నవారు ముందు ఒకదానికే కలిపి, నెల తర్వాత రెండింటి చేపల్నీ తూకం వేసి చూడండి. ఏజెంటు మాటకన్నా తక్కెడ మాట నమ్మకం.