పెళ్లి మేకప్ తీసే రాత్రి: కొన్ని అపోహలు, వాస్తవాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఒకప్పుడు ముఖానికి దట్టంగా రంగు పూసుకునేవారు చాలావరకు వీధినాటకాల, యక్షగానాల వేషధారులే కాగా, ఇప్పుడు పెళ్లికూతురికే కాక తోడిపెళ్లికూతురికి, చుట్టాలమ్మాయిలకు కూడా ఫౌండేషన్ (చర్మపు రంగును ఒక్కతీరుగా కనిపింపజేసే అడుగుపూత), తడికి చెదరని మస్కారా, గంటల తరబడి నిలిచే లిప్‌స్టిక్ మామూలైపోయాయి. పూయడానికి బ్యూటీషియన్ ఉంటుంది, తీరిక ఉంటుంది. తీయడం మాత్రం అప్పగింతలయ్యాక అలసటతో, చేతికందిన సబ్బుతో ముగుస్తుంది. గట్టిగా రుద్దితే ఎంతటి పూతైనా పోతుందన్న నమ్మకం ఇందుకు మూలం. ఏ పూత దేనిలో కరుగుతుందో తెలిస్తే రుద్దవలసిన అవసరమే తగ్గుతుంది.

సబ్బు, నీళ్లు చాలునన్నది అన్నిటికన్నా విస్తృతంగా ఉన్న అపోహ. చెమటకు, కన్నీటికి చెదరకుండా ఉండేందుకే ఈ పూతలలో మైనాలు, నూనెలు, సిలికోన్లు కలుపుతారు గనుక నీరు వాటిని కరిగించలేదు. సబ్బు కొంత లాగుతుంది గాని, ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ మానంపై మామూలు సబ్బు 9 నుంచి 10 వరకు ఉండగా, ఆరోగ్యకరమైన చర్మపు పైపొర 5కు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, పదేపదే సబ్బు రుద్దిన ముఖం బిగుసుకుపోయి, పొడిబారి, మంటపుడుతుంది. దీనికి తోడు ఎన్నో ఊళ్లలో బోరునీళ్లలో సబ్బు నురగ రాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న ఇటువంటి నీటిని కఠినజలం అంటారు. ఆ లవణాలు సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి కరగని తెట్టుగా మారి చర్మంపైనే నిలుస్తాయి. ముఖం గరగరలాడితే శుభ్రమైందని సంతోషించేవారికి ఆ గరగర చాలాసార్లు ఈ తెట్టు వల్లనే వస్తుందని తెలియదు. చివరి కడుగుడుకైనా మిషన్ భగీరథ నల్లానీళ్లు వాడటం, సబ్బుకు బదులు చర్మపు పీహెచ్‌కు దగ్గరగా ఉండే ఫేస్‌వాష్ ఎంచుకోవడం మేలు.

నూనె రాస్తే మొటిమలు వస్తాయన్న భయం రెండవది. ఈ భయంలో సగం నిజముంది, ఎందుకంటే కొబ్బరినూనెను రాత్రంతా ముఖంపై వదిలేస్తే మొటిమల స్వభావమున్న చర్మంలో రోమకూపాలు మూసుకుపోవచ్చు. కాని మైనాన్ని, సిలికోన్‌ను సడలించే గుణం నూనెకే ఉంది, ఆ నూనెను వెంటనే కడిగేస్తే హాని చాలావరకు తప్పుతుంది. తెలుగిళ్లలో పెళ్లికి ముందు నలుగు పెట్టేటప్పుడు మొదట నూనె రాసి తర్వాత సున్నిపిండితో దాన్ని లాగడం, తలంటులో నూనె తర్వాత కుంకుడు రసం పోయడం ఈ సూత్రం మీదనే నడుస్తాయి. కుంకుడుకాయలోని సపోనిన్లు ఒక కొనతో జిడ్డును, మరొక కొనతో నీటిని పట్టుకునే పదార్థాలు కావడం వల్ల, నూనె వాటి వెంట నీటిలోకి వచ్చేస్తుంది. నేడు డబుల్ క్లెన్సింగ్ అన్న పేరుతో ప్రచారమవుతున్న రెండంచెల శుద్ధి కూడా ఇదే వరుస. పెళ్లికి ముందు ఇంత శ్రద్ధగా పాటించే వరుసను, అవసరం మరింత ఉన్న పెళ్లిరాత్రి మరచిపోవడం విచారకరం. నూనెను పొడి చేతులతో పొడి ముఖానికే రాయాలి, తడి ఉంటే నూనె పూతను అంటుకోదు. నిమిషం పాటు మెల్లగా తిప్పి, మెత్తని గుడ్డతో అద్ది తీసి, అప్పుడు ఫేస్‌వాష్‌తో కడగాలి. మేకప్ పూసి ఎర్రబడిన ముఖానికి సున్నిపిండి గరుకు, కుంకుడు రసం కంటికి మంట కనుక ఇక్కడ వరుసను స్వీకరించి ఆ వస్తువులను విడిచిపెట్టడమే మంచిది.

సహజమైనది హాని చేయదన్న నమ్మకం మరింత ప్రమాదకరం. వేషధారులు పసుపు ఛాయ కోసం వాడుతూ వచ్చిన అర్దళం ఖనిజమే గాని, అది ఆర్సెనిక్ సల్ఫైడ్, అంటే పాషాణపు సమ్మేళనం. సఫేదా పేరుతో దొరికే తెల్లపొడి జింకు ఆక్సైడ్ కావచ్చు, సీసపు తెలుపూ కావచ్చు. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను సౌందర్య సాధనాల్లో వాడటాన్ని భారతదేశంలో చట్టం నిషేధించింది. వేషం విప్పగానే కొబ్బరినూనెతో రంగు తీసే కళాకారుల అలవాటు మంచిదే, అయినా ఎంత త్వరగా తీసినా విషపదార్థం నిరపాయకరం కాబోదు. ఈ మాట కంటికీ వర్తిస్తుంది: ఆముదపు దీపం మసితో చేసిన కాటుక వేరు, సీసపు ఖనిజాన్ని నూరి చేసే సుర్మా వేరు.

కాటుక రాత్రంతా ఉంటే కంటికి చలువ అంటారు. కాని కనురెప్పల అంచున కన్నీటి పొరకు జిడ్డునందించే సన్నని గ్రంథుల నోళ్లు ఉంటాయి. అక్కడ కాటుక, మస్కారా పేరుకుంటే అవి మూసుకుపోయి కళ్లు పొడిబారడం, దురద, రెప్పవాపు కలగవచ్చు. ఏళ్ల తరబడి మస్కారాను పూర్తిగా తీయని ఒక మహిళ రెప్పల లోపల నల్లని గట్టి కణికలు గూడుకట్టిన ఉదంతాన్ని 2018లో ఆస్ట్రేలియా వైద్యులు వెల్లడించారు. నూనెలో తడిపిన దూదిని మూసిన రెప్పపై కొన్ని క్షణాలు ఉంచి, కరిగాక కిందికి తుడవాలి. కాంటాక్ట్ లెన్సులుంటే వాటిని ముందే తీసేయాలి.

బొట్టు విషయంలో విశ్వాసాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పవలసి ఉంది. బొట్టుబిళ్లల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం రంగునిచ్చే కణాలను దెబ్బతీసి, నుదుట తెల్లమచ్చ తెప్పించవచ్చు; కృత్రిమ రంగులు కలిపిన కుంకుమ కొందరికి నల్లమచ్చను మిగులుస్తుంది. బోసి నుదుటితో పడుకోవడం ఇష్టం లేనివారు రాత్రి బిళ్లను తీసి, అక్కడ కడిగి, పసుపుతో ఇంట్లో చేసుకున్న కుంకుమను కాస్త పెట్టుకోవచ్చు.

వేడినీళ్లతో రంధ్రాలు తెరుచుకుని చన్నీళ్లతో మూసుకుంటాయన్నది నిజం కాదు, రోమకూపాలకు తెరిచి మూసే కండరం లేదు. నిమ్మరసం మేకప్‌ను తీయదు, పైగా ఎండ తగిలితే మచ్చలు తేవచ్చు. తడి వైప్స్ పూతను కొంత తీసి, మిగిలినదాన్ని ముఖమంతా పరుస్తాయి గనుక ప్రయాణంలో తప్ప వాటిని నమ్ముకోరాదు. ఇక ఒక్కరాత్రి మేకప్‌తో నిద్రపోతే ముఖం పాడైపోతుందన్న భయం అతిశయోక్తి. సౌందర్య సాధనాల వల్ల వచ్చే చిన్న మొటిమలకు క్లిగ్‌మన్, మిల్స్ అనే వైద్యులు 1972లో ‘యాక్నే కాస్మెటికా’ అని పేరు పెట్టారు. అవి నెలల వాడకంలో మెల్లగా ఏర్పడతాయి.

మేకప్ తీశాక తేలికైన మాయిశ్చరైజర్ చాలు. మంట, దద్దుర్లు, మచ్చ తగ్గకపోతే మరో క్రీము వెతకకుండా చర్మవైద్యులను కలవాలి; వాడిన సీసాలు, కుంకుమ పొట్లం, బొట్టుబిళ్లల అట్ట వెంట తీసుకెళ్తే, వాటిని కొద్దికొద్దిగా వీపుపై అతికించి రెండు రోజుల తర్వాత చూసే ప్యాచ్ పరీక్షతో ఏది పడలేదో వారు గుర్తించగలుగుతారు.