కాటా ఎవరి చేతిలో ఉంది?

మిరపకాయల బస్తాలు దించిన రోజు మా నాన్న కాటా వైపు కాక దళారి మొహం వైపు చూసేవాడు. విత్తనాలకు, మందులకు అప్పు తెచ్చింది ఆయన దగ్గరే. తూకం తగ్గిందంటే వచ్చే ఏడు అప్పు పుట్టదు. మన హాస్టల్లో చాలామంది ఇళ్లలో ఇదే కథ. దక్షిణ మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో కాఫీ పండించే జపొటెక్, మిహె ఆదివాసులదీ ఇదే కథ.

అక్కడ దళారిని 'కొయోటె' అంటారు. అదొక నక్కలాంటి జంతువు. పేరు పెట్టడంలో రైతులు ఎక్కడైనా ఒకటే! కోతకు ముందే అప్పిచ్చి, తన కాటా మీద తూచి, తను చెప్పిన ధరకు పట్టుకుపోయేవాడు. 1980ల మొదట్లో కొన్ని ఊళ్లవాళ్లు కూర్చుని తమకు పడుతున్న దెబ్బను లెక్క వేసుకున్నారు. ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్ అనే డచ్ ఫాదర్ వారికి తోడుగా నిలిచాడు. 1983లో వారి సంఘం రిజిస్టరైంది. స్పానిష్ పొడి అక్షరాలు కలిపితే దాని పేరు 'ఉసిరి'. అచ్చం మన ఉసిరికాయే!

సంఘీభావ ఆర్థిక వ్యవస్థ అనే పెద్ద మాటకు అర్థం వీళ్ల పని చూస్తే తెలుస్తుంది. కాఫీ పండు తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టేది ఎవరింట్లో వాళ్లే. అమ్మేది మాత్రం అందరూ కలిసి. ప్రతి ఊరూ తన ప్రతినిధులను పంపుతుంది, నిర్ణయాలు వారి సభలోనే. ఇది వారికి కొత్త కాదు. బాటకైనా బడికైనా కూలి లేకుండా పనిచేసే 'తెకియో' ఆచారం అక్కడ ఎప్పటినుంచో ఉంది.

1988లో నెదర్లాండ్స్‌లో 'మాక్స్ హావెలార్' ముద్రతో న్యాయమైన ధరకు కాఫీ అమ్మకం మొదలైంది. జావా కాఫీ రైతుల దోపిడీపై 1860లో వచ్చిన నవల పేరది. మరుసటి ఏడే అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కుప్పకూలి ధరలు పడిపోయాయి. 2001లో పౌను కాఫీ అర డాలరు కంటే కిందికి దిగింది. అప్పుడు ఈ ముద్ర కింద అమ్మినదానికి కనీస ధర పౌనుకు 1.26 డాలర్లు. అయితే సరుకంతా ఆ ధరకే పోదు.

కష్టాలూ తక్కువేం కాదు. సంఘం వాళ్లలో కొందరు హత్యకు గురయ్యారు. ఒకరు సరిగా ఎండబెట్టకపోతే అందరి సరుకుకూ చెడ్డపేరు. పైగా సంఘం మొదట కొంత ఇచ్చి, అమ్మాక మిగతాది ఇస్తుంది. ఇంట్లో జ్వరం వస్తే ఎవరు ఆగగలరు? కొయోటె దగ్గర రొక్కం సిద్ధంగా ఉంటుంది. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

మన అరకు, పాడేరు కొండల్లో గిరిజనులూ కాఫీ పండిస్తున్నారు. 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ వారి దగ్గర కొంటుంది. కానీ అది ప్రభుత్వం పెట్టింది. 'ఉసిరి' రైతులే పెట్టుకున్నది.

ఇదంతా చెబితే నాన్న ఒక్కటే అడిగాడు: "మరి లెక్కలెవరు రాస్తార్రా?"

సంఘం 1980ల్లోనే రైతుల పిల్లల కోసం ఒక శిక్షణ కేంద్రం పెట్టుకుందని, సేంద్రియ సాగుతో పాటు సంఘం పనులూ వాళ్లు అక్కడే నేర్చుకున్నారని చెప్పాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా డిగ్రీ ఎప్పుడు పూర్తవుతుందని అడిగాడు.