గెలిచినచో పాలు, ఓడినచో సున్న

పోయిన నెల సంఘసభకు వచ్చిన సభ్యులొకరు నన్నిట్లడిగిరి: “అయ్యా, మా పంచాయితీకి ఒక గుత్తదారునుండి సొమ్ము రావలసియున్నది. వ్యాజ్యమునకు చేత డబ్బు లేదు. గెలిచిన పిమ్మట నాలుగవ పాలు ఇచ్చెదమని వకీలుతో వ్రాసికొనవచ్చునా?”

మన దేశమున కూడదు. వకీలు ఫలితముపై ఆధారపడిన ఫీజు మాటాడుకొనరాదనియు, వచ్చిన సొమ్ములో భాగము పంచుకొనరాదనియు బార్ కౌన్సిల్ వారి ప్రవర్తన నియమములలో ఇరువదవది శాసించుచున్నది. తెలంగాణమునుండి పోయిన ఒక మోటారు ప్రమాద పరిహారపు వ్యవహారమున, నూటికింత యని ఫీజు కోరుట వృత్తిధర్మమునకు విరుద్ధమని సుప్రీంకోర్టువారు 2017వ సంవత్సరమున తీర్పు చెప్పిరి.

అయినను ఆ సభ్యులడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు. అమెరికాలో ఇట్టి ఒడంబడికలు చెల్లును. అచ్చటి టెక్సస్ రాష్ట్రమువారు స్థానిక ప్రభుత్వములకు ఈ దారి మూసివేయక, దాని చుట్టును కంచె వేసిరి. ఆ కంచెను చూచినచో ఈ పద్ధతిలోని చిక్కు ఎచ్చట నున్నదో మనకు తెలియగలదు.

కోరుకు భూమి నిచ్చినప్పుడు రాశి కళ్లముమీద కనబడును. కాపు ఎన్ని దినములు దున్నెనో ఊరంతయు చూచును. వకీలు పని అట్లు కనబడదు. నాలుగు ఉత్తరములకే ఎదుటివారు రాజీకి వచ్చినను నాలుగవ పాలే. పదేండ్లు పోరాడినను నాలుగవ పాలే. ఆ పాలు పోవునది ప్రెసిడెంటుగారి గాదెలోనుండి కాదు, ఊరి నిధిలోనుండి.

1998లో టెక్సస్ రాష్ట్రము పొగాకు కంపెనీలతో రాజీపడి పదిహేను వందల కోట్ల డాలర్లకు పైగా పొందుటకు ఏర్పాటయ్యెను. ఆ రాష్ట్రము పక్షమున పనిచేసిన వకీళ్లకు మధ్యవర్తులు నిర్ణయించిన ఫీజు 330 కోట్ల డాలర్లు! మఱుసటి సంవత్సరమే రాష్ట్రశాఖల ఒడంబడికలకు హద్దులు పెట్టుచు చట్టము వచ్చెను. తరువాత నల్లమందు జాతి నొప్పిమందుల కంపెనీలపై కౌంటీలు వరుసగా దావాలు వేయుచు, పాలు ఫీజుపై వకీళ్లను కుదుర్చుకొనసాగెను. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి కౌంటీలు, నగరములు మొదలగు స్థానిక సంస్థలును ఆ చట్టము క్రిందికి వచ్చినవి.

నియమములలో మొదటిది బహిరంగత. ఒడంబడికకు ముందే ప్రజలకు వ్రాతమూలకమైన ప్రకటన చేయవలెను: ఈ వ్యాజ్యమేల, ఈ వకీలుకు గల యోగ్యత యేమి, అతనికిని సంస్థకును పూర్వసంబంధ మెట్టిది, సంస్థయొక్క స్వంత వకీళ్లు ఏల చేయలేరు, గంటల లెక్కపై పనిచేయువారు ఏల దొరకరు, ఇది ప్రజలకెట్లు మేలు. పూర్వసంబంధమును అడుగుట నాకు మిక్కిలి నచ్చినది. మన పల్లెలలో సగము తగవులు అచ్చటనే పుట్టుచున్నవి. పిమ్మట బహిరంగసభలో తీర్మానించి, పత్రమును రాష్ట్ర అటార్నీ జనరల్ ఆమోదమునకు పంపవలెను. తొంబది దినములలో ఆయన నిరాకరింపనిచో ఆమోదించినట్లే. ఈ మార్గము తప్పిన ఒడంబడిక చెల్లదు. పని చేసితినని వేఱొక పేరున ఫీజు రాబట్టుటకును వీలులేదు.

రెండవది ఫీజు కొలత. వకీలు తాను పనిచేసిన గంటలకు లెక్క వ్రాసి యుంచి, సంస్థ అడిగినప్పుడు చూపవలెను. ఆ గంటలను ఒప్పుకొన్న రేటుతో హెచ్చించి, ఓటమి భయమును, ఆలస్యమును బట్టి మఱికొన్ని రెట్లు చేయుదురు; సాధారణముగా నాలుగు రెట్లు మించరాదు. ఇట్లు వచ్చిన మొత్తము ఒకటి. రాబడిలో ఒప్పుకొన్న శాతము మఱియొకటి. ఆ శాతమును సాధారణముగా 35కు మించరాదు. రెండింటిలో ఏది తక్కువో అదియే ఫీజు.

లెక్క చూడుడు. పది లక్షల డాలర్లు వచ్చినవనుకొందము. నూటికి 35 చొప్పున మూడున్నర లక్షలు. వకీలు పని 200 గంటలు, గంటకు 300 డాలర్లు, వెరసి 60,000. నాలుగు రెట్లు 2,40,000. ఇదియే ఫీజు. 40 గంటలలోనే రాజీ కుదిరినచో 48,000 మాత్రమే. పాత పద్ధతిలో ఆ నలుబది గంటలకే మూడున్నర లక్షలు పోయియుండును.

ఇక మన సభ్యుల సంగతి. పంచాయితీ తీర్మానముతో, వ్యాజ్యమున ఏ దశకు ఎంతయని ముందుగా నిర్ణయించిన ఫీజు వ్రాసికొనవచ్చును, గెలుపుతో ముడిపెట్టరాదు. చెల్లించిన ప్రతిసారియు రసీదు తీసికొనవలెను. కాలువ క్రింద భూమి పోయిన రైతొకరు పరిహారములో పాలిచ్చెదనని ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేసి వచ్చి, ఎంత పాలో తనకే తెలియదని నాతో చెప్పిరి. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, ఆదాయము తక్కువగా గలవారికి 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార చట్టము క్రింద వకీలు ఉచితముగా లభించును. మండల న్యాయసేవా సంఘమునకు తెల్లకాగితముపై అర్జీ వ్రాసి యిచ్చిన చాలును. వ్రాయలేనివారు వచ్చినచో నేను వ్రాసి పెట్టుదును.