కాగితం మీద మూడంతస్తులు, కళ్లెదుట ఐదు

2024 సెప్టెంబరు 22, ఆదివారం. హైదరాబాద్ శివారులో అమీన్‌పూర్ పక్కనున్న కిష్టారెడ్డిపేటలో పొద్దున్నే యంత్రాలు దిగాయి. సర్వే నంబరు 164 సర్కారు భూమి అంటూ హైదరాబాద్ విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ హైడ్రా మూడు బహుళ అంతస్తుల భవనాలను కూల్చింది. అదే రోజు పటేల్‌గూడలో మరో 25 కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఆదివారం పూట కూల్చివేతలేమిటని హైకోర్టు సెప్టెంబరు 30న హైడ్రా కమిషనర్ రంగనాథ్‌నూ, అమీన్‌పూర్ తహసీల్దారునూ నిలదీసింది.

అడగాల్సిన ప్రశ్నే అది. అయితే పాశమైలారంలోనో బొల్లారంలోనో ఫ్యాక్టరీ షిఫ్టులు చేసి, పీఎఫ్ తీసి, అప్పు తెచ్చి ఫ్లాట్ కొనే కుటుంబానికి కోర్టు మెట్లకంటే ముందే అక్కరకొచ్చే కాగితం ఒకటుంది: మంజూరైన ప్లాను.

బ్రోకర్లు దాన్ని చూపించరు. సేల్‌డీడ్ చూపిస్తారు, కరెంటు మీటరు చూపిస్తారు, ఇంటి పన్ను రసీదు చేతిలో పెడతారు. రిజిస్ట్రేషన్ అంటే అమ్మకం నమోదైందని మాత్రమే. ఇక పన్ను సంగతి: అనుమతి లేని ఇంటికీ మున్సిపాలిటీ పన్ను వేస్తుంది, పైగా జరిమానాతో. అది కట్టినంతమాత్రాన కట్టడం సక్రమమైపోదు.

ప్లాను షీటు విప్పి చూడండి. ఎన్ని అంతస్తులు, చుట్టూ ఎన్ని మీటర్లు వదలాలి, పార్కింగ్ ఎక్కడ, ఏ సర్వే నంబరు... అన్నీ గీతల్లో ఉంటాయి. పంచాయతీ ఇచ్చిన జీ ప్లస్ టూ (కింది అంతస్తు, పైన మరో రెండు) అనుమతి మీద ఐదంతస్తులు లేస్తే, మీరు చూస్తున్న నాలుగో అంతస్తు ఆ షీటులో ఉండదు. అపార్టుమెంటయితే ఇంకోటి వెతకండి: అనుమతిచ్చిన సంస్థకు బిల్డరు తనఖా పెట్టిన 10 శాతం భాగం. కట్టడం ప్లాను ప్రకారమే ఉందని, అందులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా దాన్ని విడిపించరు. మీకు అమ్మజూపుతున్న ఫ్లాట్ అదే కాదు కదా?

బీహెచ్‌ఈఎల్, 1972లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ... ఈ ప్రాంతానికి జీతాలొచ్చాయి, జనమొచ్చారు, పొలాలు ప్లాట్లయ్యాయి. అమీన్‌పూర్ 2018లో మున్సిపాలిటీ అయింది. అనుమతుల వ్యవస్థ ఆ పరుగును అందుకోలేకపోయింది. ఇందులో కొన్నవాళ్ల తప్పుకంటే, కడుతున్నన్నాళ్లూ చూస్తూ ఊరుకున్న అధికారుల తప్పే పెద్దది.

‘రెగ్యులరైజ్ అవుతుందిలే’ అంటే

2020 నాటి క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్ ప్లాట్లకు, లేఅవుట్లకు సంబంధించింది. దాని రుసుము కట్టినా పై అంతస్తుకు అనుమతి వచ్చినట్టు కాదు. భవనాల క్రమబద్ధీకరణ కోసం 2015లో తెచ్చిన పథకం బీఆర్ఎస్‌ 2015 అక్టోబరు 28లోపు కట్టిన వాటికే, అదీ కోర్టుకెక్కింది.

బ్యాంకు లోను ఇచ్చిందంటే

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే రుణమివ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు బ్యాంకులను ఆదేశించింది. అంతకుముందు మంజూరైన లోన్లను చూపి ఇప్పుడు పాత ఫ్లాట్ అమ్మజూపితే, ఆ సర్టిఫికెట్ నకలు మీరే అడిగి తీసుకోండి. అలాగే ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఉందేమో అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోండి.