గుక్కెడు నీటిలో ప్రాణదానం

1971వ సంవత్సరం, జూన్ నెల. తూర్పు పాకిస్తాన్‌లో చెలరేగిన మారణకాండ నుండి ప్రాణాలతో బయటపడిన ప్రజలు సరిహద్దు దాటి భారతదేశంలోకి వరదలా వచ్చిపడుతున్నారు. ఆ సంవత్సరాంతానికి వారి సంఖ్య దాదాపు కోటికి చేరింది. తుపాకీ గుండును తప్పించుకొన్న ఆ అభాగ్యులను శరణార్థి శిబిరాలలో మరొక మృత్యువు కాచుకొని ఉంది. అది కలరా.

సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లోని ఆసుపత్రిలో ఉన్నవి 16 పడకలు. కలకత్తా నుండి వచ్చిన శిశువైద్య నిపుణుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ అక్కడ అడుగుపెట్టేసరికి రెండు గదులూ క్రిక్కిరిసి, రోగులు నేలమీదనే పడి ఉన్నారు. వాంతి విరేచనాల మధ్య మోకాళ్లపై కూర్చుంటే తప్ప వారికి సెలైన్ ఎక్కించడం సాధ్యం కాలేదు. ఆ పని తెలిసిన సిబ్బంది బహు కొద్దిమంది. సెలైన్ నిల్వలు చూస్తుండగానే తరిగిపోసాగాయి. ఆ శిబిరాలలో ఈ వ్యాధి సోకిన ప్రతి నూరుమందిలో ముప్ఫైమంది వరకు మరణిస్తున్నారు.

తెలుగునాట ‘గత్తర’ అని పెద్దలు భయభక్తులతో పలికిన ఈ జాడ్యం మనిషిని చంపే తీరు విచిత్రమైనది. కలరా క్రిమి విడిచే విషం పేగులోని కణాలను వశపరచుకొని, దేహంలోని నీటిని, లవణాలను వెలుపలికి తోడిపోస్తుంది. ఈ విషాన్ని 1959లో కలకత్తాలో ప్రయోగపూర్వకంగా నిరూపించినవారు శంభునాథ్ దే. వ్యాధి తీవ్రమైనప్పుడు గంటకు లీటరు వరకు నీరు నష్టం కావచ్చు. కన్నులు గుంటలు పడతాయి, నాడి అందదు. ఉదయం పొలానికి వెళ్లిన మనిషి సాయంకాలానికి శవమైపోవచ్చు.

రోగిచేత ఉత్త నీరు త్రాగిస్తే చాలదు. అది పేగులో నిలువదు. అయితే ప్రకృతి ఒక ద్వారాన్ని తెరచి ఉంచింది. గ్లూకోజును పేగు లోనికి గ్రహించేటప్పుడు దానితోపాటు సోడియం కూడా వెళుతుంది. ఆ రెండింటి వెంట నీరు నడుస్తుంది. కలరా విషం సోకినా ఈ ద్వారం మూసుకోదు. దీని ఆధారంగా 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే వైద్యులు తగుపాళ్లలో కలిపిన ద్రావణాన్ని రోగులచేత త్రాగించి సఫలులయ్యారు. కాని అది నిపుణుల కనుసన్నలలో జరిగిన ప్రయోగం. వేలాది రోగులున్న శిబిరంలో, శిక్షణ లేనివారి చేతికి ఆ చికిత్సను అప్పగించవచ్చునా?

మహలనాబిస్ అప్పగించారు. వేరే మార్గం ఆయనకు కనిపించలేదు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా: అదే ఆ మందు. కలకత్తాలోని పరిశోధనా కేంద్రపు గ్రంథాలయ గదిలో ఆ పొడులను తూచి, సంచులకెత్తి, బన్‌గావ్‌కు పంపారు. అక్కడ పీపాలలో నీటితో కలిపారు. స్పృహతప్పే స్థితిలో ఉన్నవారికి మొదట సెలైన్ ఎక్కించారు. తక్కినవారికి తల్లులు, భర్తలు, తోబుట్టువులు గిన్నెలతో తెచ్చి గుక్కగుక్కగా త్రాగించారు. అంతవరకు నిస్సహాయంగా విలపిస్తూ కూర్చున్న ఆప్తులే ఆనాడు వైద్యసహాయకులయ్యారు.

మహలనాబిస్ బృందం చికిత్స చేసిన రోగులలో మరణాలు నూటికి నాలుగుకన్న తక్కువకు దిగివచ్చాయి.

ఇంత సులభమైన చికిత్సను వైద్యలోకం వెంటనే విశ్వసించలేదు. శిబిరాన్ని స్వయంగా దర్శించిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వైద్యుడు ధీమన్ బారువా దీని ప్రచారానికి పూనుకొన్నారు. 1978లో సుప్రసిద్ధ వైద్యపత్రిక ‘లాన్సెట్’, ఈ చికిత్సకు మూలమైన శాస్త్రసత్యం ఆ శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చునని శ్లాఘించింది. 1980 దశకంలో బంగ్లాదేశ్‌లో ‘బ్రాక్’ సంస్థ కార్యకర్త్రులు ఇంటింటికీ వెళ్లి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లంతో ఈ పానీయం తయారుచేయడాన్ని లక్షలాది తల్లులకు నేర్పారు. ‘విరేచనాలైతే నీరు ఇవ్వరాదు’ అన్న పాత అపోహ అలా క్రమంగా సడలింది.

నేడు ఓ.ఆర్.ఎస్. పేరిట ప్రతి మందుల దుకాణంలోను లభించే పొట్లం దాని వారసురాలే. లవణాల పాళ్లను 2002లో మరింత మెరుగుపరచారు. అయినా నియమం మారలేదు: పొట్లంపై సూచించినంత నీటిలో, ఎక్కువతక్కువలు లేకుండా కలపాలి, 24 గంటలు దాటితే పారబోసి క్రొత్తది కలుపుకోవాలి. బిడ్డ మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా జాగు చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మహలనాబిస్ 2022 అక్టోబరులో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆయన చికిత్సవల్ల బ్రతికి బట్టకట్టినవారిలో అనేకులకు ఆయన పేరైనా తెలియదు. వారికి గుర్తున్నది, ఆ రాత్రి తమ పెదవులకు గిన్నె అందించిన అమ్మ చేయి మాత్రమే కావచ్చు.